బొట్టు పెట్టిన ఫ్యాన్ క్లచ్

ఆ రోజు పొద్దున దయాకర్ పెట్టుకున్న పని ఒక్కటే. బండికి ఫ్యాన్ క్లచ్ మార్చాలి. ఎండ ముదిరేలోపు అది కానిచ్చి, భార్య లచ్చమ్మ చేసే సర్వపిండి తిని, బండి వెనక తలుపులు తెరిచి అందులోనే కాసేపు నడుం వాల్చాలి. ఆ బండిలో పడుకోవడానికి భయపడని మనిషి బోయిగూడ మొత్తంలో అతనొక్కడే.

ఎందుకంటే అది కార్ఖానా బస్తీ సేవాసమితి వారి అంతిమయాత్ర వాహనం. చుట్టుపక్కల ఎవరింట్లో మనిషి పోయినా ముందు డాక్టరుకు, ఆ తరువాత దయాకర్‌కు ఫోను వెళ్లేది. పెళ్లిలో ఎదురుపడితే జనం అతన్ని తప్పుకుని పోయేవారు. చావింట్లో కనిపిస్తే మాత్రం "అమ్మయ్య, వచ్చాడు" అనుకునేవారు.

బండి పాతది. తయారుచేసినవాళ్లే ఆ రకాన్ని ఎప్పుడో మరిచిపోయారు. ఈ మధ్య దానికొక జబ్బు పట్టుకుంది. ఇంజన్ ముందు తిరిగే ఫ్యాన్‌ను పట్టుకుని ఉండే గుండ్రటి లోహపు డబ్బాను ఫ్యాన్ క్లచ్ అంటారు. ఇంజన్ వేడెక్కగానే అది బిగుసుకుని ఫ్యాన్‌ను జోరుగా తిప్పాలి. దయాకర్ బండిలో అది పట్టు వదిలేసింది. ఫ్యాన్ తిరిగేది గానీ, జీతం పెంచని ఆఫీసులో గుమస్తాలాగా పేరుకు తిరిగేది. వేగంగా పోతే ఎదురుగాలికి ఇంజన్ చల్లబడేది. మెల్లగా పోతే మరిగేది. చిక్కంతా అక్కడే ఉంది. ఆ బండి పని మెల్లగా పోవడమే.

నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచే మనిషిని రథం దాటకూడదన్నది సమితి నియమం. దాన్ని పెట్టింది అధ్యక్షుడు రామభద్రరావు. "చచ్చిన మనిషికి తొందరేమిటయ్యా? బతికున్నన్నాళ్లూ పరుగే. చివరి రోజైనా నడిపించండి" అనేవాడాయన.

రామభద్రరావు బావమరిది జోగారావు సమితికి ఉపాధ్యక్షుడు. ఆయనకు ఈ బండి అంటే గిట్టదు. కొత్త ఏసీ బండి, దానికో కొత్త డ్రైవరు, ఇదీ ఆయన పథకం. ప్రతి మీటింగులోనూ "ఈ డొక్కును తుక్కుకు పంపుదాం" అని లేచేవాడు. "నేనున్నంత కాలం ఈ బండీ ఉంటుంది, దయాకరూ ఉంటాడు" అని రామభద్రరావు కూర్చోబెట్టేవాడు. తరువాత బయటికొచ్చి దయాకర్ భుజం తట్టి, "నన్ను కూడా నువ్వే దింపాలిరా. మధ్యలో ఎక్కడా ఆపకు" అని నవ్వేవాడు.

ఆయన మాట నిలబెట్టాలనే దయాకర్ ఆ క్లచ్ కోసం రాణిగంజ్‌లో స్పేర్ పార్టుల దుకాణాలన్నీ తిరిగాడు. దొరకలేదు. చివరికి ఊరి బయట తుక్కు బండ్ల కుప్పలో అదే రకం బండి శవం ఒకటి కనిపిస్తే, దాని రొమ్ములోంచి ఊడదీసుకొచ్చాడు. పైన ఏళ్లనాటి మట్టి, గ్రీజు గట్టిపడి ఉన్నాయి. లోపల పట్టు మాత్రం గట్టిగా ఉంది.

ఇంటి ముందు గోనెపట్టా పరిచి, బండిలోని క్లచ్ విప్పి, నూనె ఎక్కడ కారిందో చూద్దామని కిరోసిన్‌తో కడిగి పెట్టాడు. దాని పక్కనే తెచ్చిన క్లచ్‌ను దించాడు. అప్పుడే ఫోను మోగింది.

"దయాకర్, బావగారు పోయారయ్యా. తెల్లవారుజామున, నిద్దట్లోనే" అన్నాడు జోగారావు. "బండి తీసుకురా."

దయాకర్ గోడకు ఆనుకుని, ఎదురుగా ఏముందో కనబడకుండా కాసేపు అలాగే నిలబడిపోయాడు. ఆ కాసేపట్లో లచ్చమ్మ తన పని తాను చేసేసింది.

లచ్చమ్మకొక పట్టింపు ఉంది. అది రోజూ శవాలను మోసే బండి కాబట్టి, అందులోకి ఏ కొత్త సామాను పోయినా, చివరికి బల్బు అయినా సరే, పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టందే ఎక్కనిచ్చేది కాదు. దయాకర్ తేరుకుని చూసేసరికి ఒక క్లచ్‌కు బొట్టు ఉంది. బొట్టుందంటే బిగించాల్సింది అదే. కళ్లల్లో నీళ్లు తుడుచుకుంటూ, చేతుల అలవాటు మీద బిగించేశాడు.

"పాతదాన్ని గోనెల సుట్టి సీటెనక ఎయ్యి లచ్చా. తుక్కోనికి ఇద్దాం."

"పెద్దసారు పోయిండా?"

"పోయిండు."

"మరి రేపటి సంది మన సంగతేంది?"

దయాకర్ బండి స్టార్ట్ చేశాడు.

కార్ఖానా బస్తీలో రామభద్రరావు ఇంటి నిండా జనం ఉన్నారు. జోగారావు అతన్ని మెట్ల కిందికి లాక్కెళ్లాడు. "చూడు దయాకర్. ఊళ్లో పెద్దలంతా వచ్చారు. దారిలో ఈ డొక్కు ఒక్కసారి మొరాయించిందంటే సాయంత్రానికల్లా తుక్కుకు తోలిస్తాను. దాంతోపాటు నీకూ సెలవు. అడ్డుపడేందుకు ఇప్పుడు బావగారు లేరు."

"ఆగదు సార్. పొద్దుగాలనే ఫ్యాన్ క్లచ్ మార్చిన."

"ఏం మార్చావో నాకక్కర్లేదు. ఆగకూడదంతే."

దారి గురించి చర్చ వచ్చింది. "మోండా మార్కెట్ దగ్గర రద్దీ ఉంటుంది మావయ్యా. చిలకలగూడ మీదుగా చుట్టు తిరిగి పోదామా?" అన్నాడు రామభద్రరావు కొడుకు అభిరామ్.

"చిలకలగూడ వద్దు!" జోగారావు గొంతు ఆ మాటకు కావలసిన దానికంటే పెద్దగా లేచింది. "అటు రోడ్డు తవ్వారు. మోండా మీదుగానే బన్సీలాల్‌పేట శ్మశానానికి."

అభిరామ్ నిప్పుకుండతో ముందు నడిచాడు. జోగారావు, పెద్దలు బండి పక్కన నడిచారు. వెనక అద్దాల గదిలో రామభద్రరావు పడుకుని ఉన్నాడు. ఆయనకు అటూ ఇటూ బెంచీల మీద భార్య విమలమ్మ, అక్క శారదమ్మ, పంతులుగారు కూర్చున్నారు. ఆడవాళ్లు శ్మశానానికి రాకూడదని పంతులుగారు గొణిగితే విమలమ్మ ఒక్క మాటే అంది. "ఎక్కడికెళ్లినా నాకు చెప్పకుండానే వెళ్లేవారు. ఈ ఒక్క చోటికి నేను దగ్గరుండి పంపుతాను."

కార్ఖానా మెయిన్ రోడ్డు దాటకముందే వేడి చూపించే సూది కదిలింది. దయాకర్ ముందు నమ్మలేదు. అద్దం మీద వేలితో కొట్టి చూశాడు. సూది ఇంకాస్త లేచింది. ఎర్రగీత దాటితే ఇంజన్ బిగుసుకుపోతుంది, ఆ తరువాత జోగారావు చెప్పేదాకా ఆగక్కర్లేదు, అది తుక్కే. దయాకర్ తాళంచెవి తిప్పేశాడు. బండి నాలుగు గజాలు దొర్లి ఆగిపోయింది. బోనెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. అదృష్టం కొద్దీ ముందు గుచ్చిన ఊదుబత్తుల పొగలో అది కలిసిపోయింది.

"ఏమయ్యా, ఎందుకాగింది?" జోగారావు అప్పటికే కిటికీ దగ్గరున్నాడు.

అబద్ధం దానంతటదే వచ్చి నోట్లో కూర్చుంది. "దింపుడు కళ్లం సార్."

శవాన్ని దారి మధ్యలో ఆపి, చెవిలో పేరుపెట్టి ముమ్మారు పిలవడం ఆచారం. ప్రాణం ఏ మూలైనా మిగిలి ఉంటే పలుకుతుందని చివరి ఆశ. పంతులుగారు ఉలిక్కిపడి, "అవునవును, ఇక్కడే" అన్నారు, తాను మరిచిపోయిన సంగతి బయటపడకుండా.

అభిరామ్ కుండ పక్కనపెట్టి లోపలికి వంగాడు. "నాన్నా" అని పిలిచాడు. విమలమ్మ భర్త పెదవులకేసి చూసింది. రెండోసారి పిలిచినప్పుడు అభిరామ్ గొంతు సగంలో తెగింది. మూడోసారి పిలుపు బయటికి రానేలేదు. రోడ్డు మీద హారన్లు కూడా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో కుతకుతమని ఏదో ఉడుకుతున్న చప్పుడు వినిపించింది.

శారదమ్మ చెవి రిక్కించింది. "ఏదో గురగురమంటోంది! తమ్ముడి గొంతేనా?"

"కాదమ్మా!" అన్నాడు దయాకర్ కంగారుగా. ఇంజన్ అనబోయి మింగేశాడు. "రథానికి సుత జెర నీళ్లు సల్లాలెనమ్మా. మా దిక్కు రివాజు."

పంతులుగారి చెంబులోని కాశీ గంగ బోనెట్ మీద పడింది. స్స్‌స్ అని తెల్లటి ఆవిరి ఆకాశానికి లేచింది. శారదమ్మ రెండు చేతులూ జోడించింది.

చల్లబడ్డాక బండి కదిలింది. తుక్కు కుప్పలోంచి తెచ్చింది తుక్కే అయిందని దయాకర్ తనను తాను తిట్టుకున్నాడు. తరువాతి దూరమంతా దారిని చూడలేదు. సూదిని చూస్తూ నడిపాడు. మోండా మార్కెట్ సందు మొదట్లో జనం, తోపుడుబండ్లు, ఆటోలు అడ్డం వచ్చాయి. సూది మళ్లీ ఎర్రగీత వైపు ఎగబాకింది. మళ్లీ తాళంచెవి తిప్పక తప్పలేదు.

బండి ఆగిన చోట ఒక జిలేబీల కొట్టు ఉంది. దాని పక్కనే చేపల బుట్టలు ఉన్నాయి. విమలమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "ఇక్కడా ఆపేది? ఆయనకు ఈ వాసనే పడదు. ఈ పక్కకొస్తే ఇంటికెళ్లి తలస్నానం చేసేవారు."

జోగారావు బోనెట్ దగ్గర ముక్కు పెట్టి రెండుసార్లు ఎగబీల్చాడు. "కాలిన వాసన వస్తోంది. దింపుడు కళ్లం రెండోసారి కూడా ఉంటుందేమయ్యా? బండి చెడింది కదూ? నిజం చెప్పు."

చెడిందంటే సాయంత్రానికి బండి లేదు, బతుకు లేదు. "బండి మంచిగనే ఉంది సార్. ఒక్కోపారి... పోయినోళ్లే కదలరు."

"ఏమిటీ?"

"మనసుల ఏదన్న ఉండిపోతే కదలరు సార్. నేను మస్తు మందిని సూసిన."

ఆ మాట అద్దాల గదిలోకి దూరింది. శారదమ్మ జిలేబీల కొట్టు వైపు చూసి బావురుమంది. "షుగరని ఒక్క ముక్క ముట్టనిచ్చావా విమలా? ఎంత ఇష్టం తమ్ముడికి!"

"డాక్టరు వద్దన్నాడు వదినగారూ, నేనా వద్దన్నది?"

"డాక్టరు ఇంట్లో ఉంటాడా? డబ్బా పైన తాళం వేసింది నువ్వు!"

జిలేబీలు వచ్చాయి. విమలమ్మ ఒకటి తుంచి భర్త పెదవులకు తాకించింది. ఇంజన్ ఇంకా చల్లారలేదు. "ఇంకొకటి పెట్టున్రి అమ్మా, తొందరేం లేదు" అన్నాడు దయాకర్. ఇంకొకటి పెట్టారు. "ఇంకో జిలేబీ సుట్ట" అన్నాడు. పాకం రామభద్రరావు గడ్డం మీదుగా కారింది. సూది దిగాక బండి స్టార్టయింది.

"జిలేబీ పెట్టగానే కదిలిందట!" అన్న మాట మోండా మార్కెట్లో పుట్టి, బండి కంటే ముందు బోయిగూడ చేరింది. సందుల్లో జనం మేడల మీదికెక్కి నిలబడ్డారు. బండి ఈసారి ఎవరింటి ముందు ఆగుతుందో చూడాలని ఉంది వాళ్లకు. తమ ఇంటి ముందు ఆగకూడదనీ ఉంది. ఒకాయన తన గేటు మూసి లోపల గడియ పెట్టుకున్నాడు.

బోయిగూడ దాటితే శ్మశానం దగ్గరే. దయాకర్ పళ్లు బిగపట్టి, స్టీరింగ్‌ను బతిమాలుకుంటూ నడిపాడు. ఇరుకు సందు మధ్యలో సూది ఎర్రగీతను తాకింది. ఈసారి అతను తాళంచెవి తిప్పకముందే ఇంజన్ ఒక్కసారి దగ్గి ఆగింది.

ఎదురుగా ఆకుపచ్చ గేటున్న చిన్న ఇల్లు ఉంది. గేటు దగ్గర ఒక ఆవిడ నిలబడి ఉంది. యాభై దగ్గర వయసు, శుభ్రమైన నేతచీర, తలలో చెండు మల్లెపూలు. ఆవిడ బండి ముందు కట్టిన ఫోటో చూసింది. చేతిలో గరిటె కింద పడింది.

"అయ్యో రావుసారూ! నిన్ననే గద పొయ్యింది, రేపు సుత వస్తనంటిరి గద!" అని గేటు పట్టుకుని ఏడ్చింది.

సందు సందంతా ఊపిరి బిగబట్టింది. విమలమ్మ మెల్లగా బండి దిగింది.

"ఎవరమ్మా నువ్వు?"

"కల్పలత అంటరు."

"రేపు వస్తానన్నారా? ఎక్కడికి?"

"ఈడికే."

"రోజూ వచ్చేవారా?"

కల్పలత ఏడుపు ఆపి విమలమ్మ మెడలో పసుపుతాడు చూసింది. ఎవరో అర్థమైంది. ముఖం మాడిపోయింది. "అది నేను చెప్పనమ్మా. ఇంట్ల తెల్వద్దని ఒట్టు ఏయించుకున్నడు."

"రోజూ సాయంత్రం సమితి మీటింగని చెప్పేవాడు తమ్ముడు" అంది శారదమ్మ. "జోగారావూ! మీటింగు రోజూ ఉంటుందా?"

"నెలకొక్కటి" అనేసి జోగారావు నాలుక కరుచుకున్నాడు.

విమలమ్మ బండి వెనక మెట్టు మీద కూలబడింది. ఏడవలేదు. "నిజం తెలిసేదాకా ఈయన ఇక్కణ్ణుంచి కదలరు. నేనూ కదలను" అంది. మేడల మీద ఫోన్లు లేచాయి, వీడియోలు షురూ అయ్యాయి.

దయాకర్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. రామభద్రరావు గడ్డం మీద పాకం మెరుస్తోంది. దాని మీద ఒక ఈగ వాలింది. మధ్యలో ఎక్కడా ఆపకు అన్నాడు ఆయన. మూడుసార్లు ఆపాడు. తన అన్నం ముద్ద నిలబెట్టుకోవడానికి, ఆ ముద్ద పెట్టిన మనిషిని నడివీధిలో నిలబెట్టాడు. దయాకర్ కిందికి దూకాడు.

"అమ్మా! పెద్దసారు తప్పు ఏం లేదు. బండి ఆయన ఆపలే, నేనే ఆపిన. ఫ్యాన్ క్లచ్ ఖరాబైంది. మెల్లగ పోతే ఇంజన్ కాగుతుంది. తుక్కుకు పంపుతరని భయపడి అబద్ధం చెప్పిన. జోగారావు సార్, మీరు అన్నదే కరెక్టు. బండే చెడింది."

విమలమ్మ తల తిప్పలేదు. "ఆయన నిన్ను కాపాడేవారని నాకు తెలుసు దయాకర్. ఇప్పుడు నువ్వు ఆయన్ను కాపాడకు."

"నమ్మకపోతే సూడున్రి!" అని దయాకర్ బోనెట్ ఎత్తాడు.

అందరూ తొంగిచూశారు. నల్లటి ఇంజన్ మధ్యలో తళతళ మెరిసే గుండ్రటి వస్తువు. దాని మీద పసుపు. ఆ పసుపు మధ్య రూపాయంత కుంకుమబొట్టు.

పంతులుగారు వెనక్కి గెంతారు. "ఇంజన్లో బొట్టేమిటయ్యా! ఏం పూజ ఇది?"

"చేతబడి!" అని మేడ మీది నుంచి ఎవరో అరిచారు. ముందు వరసలో ఉన్నవాళ్లు రెండో వరసలోకి వెళ్లారు.

దయాకర్ మాత్రం ఇంకా దగ్గరికి వంగాడు. తాను తెచ్చిన క్లచ్‌కు ఈ మెరుపెక్కడిది? ఫ్యాన్ రెక్కను వేలితో తోశాడు. ఇంత వేడిలో బిగుసుకుని ఉండాల్సిన ఫ్యాన్ గాలిపటం దారం చుట్టే చరఖాలా గిరగిరా తిరిగింది. పొద్దున ఒక్కసారి ఇలా తోసి చూసినా సరిపోయేది. ఇంటికి ఫోను కలిపాడు.

"లచ్చా, బొట్టు దేనికి పెట్టినవే?"

"తళతళ మెరిసేదానికి. ఏం?"

"అది పాతదే!"

"పాతదాన్ని కడిగి పెడ్తవా, కొత్తదాన్ని మట్టిల పొర్లిచ్చి పెడ్తవా? మళ్ల నన్ను అంటున్నవా? మట్టిముద్దకు బొట్టు పెడ్తరా ఎవరన్న?" ఫోను తెగిపోయింది.

అంటే మంచి క్లచ్ పొద్దుటి నుంచీ సీటు వెనక గోనెలో చుట్టి ఉంది. రామభద్రరావు తల కింది పలకకు జానెడు దూరంలో, ఆయనతోపాటే ఊరేగుతోంది. దయాకర్ గోనె విప్పాడు, పానాలు తీశాడు. అతన్ని పట్టించుకునేవాళ్లు లేరు. అందరి కళ్లూ ఆకుపచ్చ గేటు మీదే ఉన్నాయి. అతను ఫ్యాన్ నట్లు విప్పడం మొదలుపెట్టాడు. పైపు తగిలి ముంజేయి చుర్రుమని కాలింది.

అటు కల్పలతను జనం చుట్టుముట్టారు. శారదమ్మ వేలు ఆవిడ ముఖం ముందు ఆడుతోంది. కల్పలత ఎంతసేపు ఓర్చుకుందో, ఒక్కసారిగా కొంగు నడుముకు చుట్టింది. "ఒట్టు పోతే పోయింది గానీ నా మర్యాద తీస్తరా? ఆగున్రి!" అని విసురుగా లోపలికి వెళ్లి, ఒక స్టీలు కంచం తెచ్చి విమలమ్మ చేతిలో పెట్టింది.

విమలమ్మ కంచం అంచు మీద చెక్కిన అక్షరాలు చూసింది. చి.సౌ. విమలకు అమ్మమ్మ.

"ఇది నా కంచం!" అంది విమలమ్మ. "ఇది పోయిందని... ఎల్లమ్మే తీసిందని దాన్ని పనిలోంచి వెళ్లగొట్టాను. ఆయన పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నారు. ఒక్క మాట అనలేదు."

"ఆయనే తెచ్చిండమ్మా. ఎవరి కంచంల పడితే అండ్ల తిననన్నడు."

"ఏం తినేవారు?"

కల్పలత తల దించుకుంది. "చాపల పులుసు. కొర్రమీను దొరికితే కొర్రమీను."

ఇంతకుముందు పరుచుకున్న నిశ్శబ్దం దీని ముందు సంత. కోడిగుడ్డు అన్న మాట కూడా గొంతు తగ్గించి అనే ఇల్లు వాళ్లది. పంతులుగారు చెవులు మూసుకున్నారు. అభిరామ్ నోరు తెరిచాడు, మూయలేదు.

"మాది కర్రీ పాయింటమ్మా. బోర్డు లేదు, తెలిసినోళ్లే వస్తరు" అంది కల్పలత. "సారు గా మూలకు గోడదిక్కు తిరిగి కూసొని తినేటోడు. ముల్లు సుత ఇడువకపోయేది. తిన్నంక సబ్బుతోని చేతులు కడుక్కొని, తలమీద నీళ్లు పోసుకొని పొయ్యేటోడు."

విమలమ్మ కంచం అంచు మీది అక్షరాలను వేలితో తడిమింది. "ఇంకేదో అనుకున్నాను. అదే అయితే ఏడ్చి ఊరుకునేదాన్ని" అంది. "పులుసులో బెల్లం వేస్తావా?"

"జెర ఏస్తనమ్మా."

"నా వంకాయ పులుసులో బెల్లం ఎక్కువైందని తోసేసేవారు."

అప్పుడు శారదమ్మకు మెరుపు తట్టినట్టయింది. "విమలా! మోండాలో బండి ఆగింది జిలేబీ కోసం కాదే! పక్కనే చేపల బుట్టలున్నాయి! మనం తెలియక తీపి పెట్టాం!"

నడివేసవిలో జనానికి చలి పుట్టింది. "పెట్టండి, అడిగింది పెట్టండి" అని మేడల మీది నుంచి కేకలు వేశారు.

"శాస్త్రం ఒప్పుకోదు" అన్నారు పంతులుగారు.

"ఒప్పుకోకే కదండీ ఇంత దూరం వచ్చి తిన్నారు?" అంది విమలమ్మ. కల్పలత అన్నం, పులుసు వడ్డించిన కంచాన్ని తన చేతుల్తోనే తీసుకుని బండెక్కింది. కొంగుతో భర్త గడ్డం మీది పాకం తుడిచింది. కంచం ఆయన కుడిచేతి పక్కన పెట్టింది. "తినండి. ఇక గోడవైపు తిరగక్కర్లేదు" అంది. అప్పుడు ఏడ్చింది, పొద్దుటి నుంచీ దాచుకున్నదంతా.

బోనెట్ కింద దయాకర్ చివరి నట్టు బిగించాడు. కల్పలత ఇంటి బిందెతో రేడియేటర్ నింపాడు. బోనెట్ మూసి, సీట్లోకెక్కి, తాళంచెవి తిప్పాడు.

ఇంజన్ పలికింది. మట్టికొట్టుకుపోయిన క్లచ్ వేడి తగలగానే పట్టు బిగించింది. ఫ్యాన్ హోరుమని గాలి లాగింది. ఆ హోరుకు బండి ముందున్న జనం చేతులు జోడించి రెండు పక్కలకూ చీలిపోయారు.

"కదిలింది! తమ్ముడు కదిలాడు!" అంది శారదమ్మ.

"అమ్మా, అది ఫ్యాన్ క్లచ్..."

"నీకు తెలియదు నాయనా. నువ్వు నడిపేవాడివే."

అక్కణ్ణుంచి శ్మశానం దాకా నిప్పుకుండ వెనకే నడిచింది బండి. సూది సగం దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. దయాకర్ ఎదురుపడిన ప్రతి మనిషికీ నిజం చెప్పాడు. కాలిన ముంజేయి చూపించాడు, బొట్టున్న పాత క్లచ్ చూపించాడు. ఇద్దరు దానికి దండం పెట్టుకున్నారు.

సాయంత్రం బోయిగూడలో ఇంటి ముందు బండి కడుగుతుండగా జోగారావు వచ్చాడు. కారు లేదు, వెంట మనిషి లేడు. రాగానే దయాకర్ చేయి తుడుచుకుని తాళంచెవి తీసి చాచాడు. గుమ్మంలోంచి లచ్చమ్మ చూస్తోంది.

"ఇగో సార్. ఆగదన్న, మూడుపార్లు ఆగింది. మాట మాటే."

జోగారావు తాళంచెవి ముట్టుకోలేదు. ముఖంలో నెత్తురు లేదు. "లోపల పెట్టవయ్యా. ఎవరన్నారు తుక్కని? మేం శ్మశానం నుంచి తిరిగొచ్చేసరికి పెద్దల భార్యలంతా ఏకమయ్యారు. తమ ఇంట్లో మగవాడు పోతే ఈ బండే రావాలట, వేరేది ఒప్పుకోరట. అందరికంటే ముందు చేయెత్తింది మా ఆవిడ లీలాకుమారే."

"సార్, నిజంగ చెప్తున్న. అది ఉత్త ఫ్యాన్ క్లచ్..."

"తెలుసులే, తెలుసు. ఇంజన్ మొత్తం విప్పించు. ఫ్యాను, పంపు, పైపులు, ఏదీ వదలకు. ఇక ఈ బండి ఎవరి కోసమూ, ఎక్కడా ఆగకూడదు." జోగారావు లచ్చమ్మ లోపలికి వెళ్లేదాకా ఆగి, బండి అద్దాల గది వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"మారేడుపల్లిలో మా ఇంటి నుంచి బన్సీలాల్‌పేటకు, చిలకలగూడ తగలకుండా దారి ఉందా దయాకర్?"